వీణకు కరెంటా?

మా ఇంట్లో తొంభై నిమిషాల క్యాసెట్టు ఒకటి ఉంది. దాని ఒక వైపు మా బావమరిది చేతివ్రాతలో "కావెర్నా మాజికా" అనీ, రెండవ వైపు "చిట్టిబాబు - వీణ" అనీ వ్రాసి ఉంటుంది. ఇరవై యేళ్ళకు పైగా నేను రెండవ వైపే విన్నాను. మొదటి వైపు పొరపాటున మొదలైతే లేచి వెళ్ళి తిరగవేసేవాణ్ణి. ఎందుకని అడిగితే చెప్పుకోవడానికి నాకే చిన్నతనంగా ఉండి ఇన్నాళ్ళూ వ్రాయలేదు. మొన్న ఇంట్లో జరిగిన ఒక పని వల్ల ఇప్పుడు వ్రాయక తప్పడం లేదు. చదువరులు కొంచెం ఓపిక పట్టాలి. పండితుడి టపా కనుక దారిలో ఒకటి రెండు నిఘంటువులు కాలికి తగులుతాయి.

1998 నాటి మాట. అమీర్‌పేటలో పెద్ద రోడ్డుకు రెండిళ్ళ లోపలగా ఒక పాత మేడలో క్రింది వాటా మాది. బడి పంజాగుట్టలో. పొద్దున నడిచి వెళ్ళి సాయంత్రం నడిచి వచ్చేవాణ్ణి. మైత్రీవనం చుట్టుప్రక్కల గోడలన్నీ కంప్యూటరు కోర్సుల ప్రకటనలతో నిండిపోయిన రోజులవి. జావా, ఒరాకిల్ అన్న మాటలు నా విద్యార్థులకు యగణ మగణాల కంటె బాగా నోటికి వచ్చేవి. విజయనగరం నుంచి మా బావమరిది కూడా ఆ చదువుకే వచ్చి, మేడ మీది ఒంటిగదిలో దిగాడు. పగలు కోర్సు, రాత్రి టేపురికార్డరు, భోజనం మా ఇంట్లో.

ఒక రాత్రి పై నుంచి వింత చప్పుళ్ళు వినిపించాయి. ఎవరో నడుస్తున్నారు. ఒక ఆడమనిషీ మగమనిషీ ఏదో మాట్లాడుకుంటున్నారు. నీటిచుక్కలు టపటపమని పడుతున్నాయి. పెళ్ళికాని కుర్రవాడి గదిలో ఇదేమి సందడి అని గాభరాగా మెట్లెక్కాను. చూస్తే అతడొక్కడే పడుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. "గుహలోకి వెళ్తున్నారు బావగారూ, కూర్చోండి" అన్నాడు. ఆ చుక్కల చప్పుడే కాసేపటికి తాళమైంది. ఆ తాళం మీద తీగల వాద్యమేదో మొదలైంది. వీణా కాదు, సితారూ కాదు. జలతరంగానికి తీగలు పుట్టినట్టుంది.

అది స్విట్జర్లండు వాద్యకారుడు ఆంద్రెయాస్ ఫోలెన్‌వైడర్ 1983లో వెలువరించిన ఆల్బమట. ఆయన 1953లో జ్యూరిక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్గన్ విద్వాంసుడు. కొడుకు పాఠశాల పద్ధతిని కాదని తనంతట తానే హార్ప్ నేర్చి, దానికి పికప్‌లు అమర్చి విద్యుత్ వాద్యంగా మార్చుకున్నాడు. వాల్టర్ కైజర్ డ్రమ్స్, పెద్రో హాల్డమాన్ ఇతర తాళవాద్యాలు.  ఇటువంటి దాన్ని ఏ గంపలో వేయాలో తెలియక అమెరికాలో "న్యూ ఏజ్" అని పేరు పెట్టారు. 1987లో గ్రామీవారు ఆ పేరుతో మొదటిసారి బహుమతి ఇచ్చినప్పుడు అది ఈయన "డౌన్ టు ద మూన్" ఆల్బమ్‌కే దక్కింది. "అంటే నవయుగ సంగీతం" అన్నాడు మా వాడు. నవయుగ అనగానే నాకు కవిచక్రవర్తి జాషువా గారు తప్ప మరొకరు స్ఫురించరు. ఆ మాటే అన్నాను. క్యాసెట్టు లోపలి కాగితం మీద అతడు ఎక్కించుకున్న పేర్లు చూస్తే ఒకటి మాండ్రగోరా, ఇంకొకటి బెల్లడోనా. "ఇది పాటా, హోమియో మందుల డబ్బా?" అన్నాను. మా ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు నా పక్షమనుకున్నాను.

అసలు హార్ప్‌ను తెలుగులో ఏమనాలి? ఆ రాత్రి నన్ను పట్టుకున్న ప్రశ్న అది. తెలుగు బైబిల్లో దావీదు వాయించి సౌలు రాజుకు ఉపశమనం కలిగించింది "సితారా". అదే గ్రంథంలో పది తంతుల "స్వరమండలము" కూడా ఉంది. రెండూ అక్కరకు రాలేదు. హార్ప్ అంటే వంపు తిరిగిన కొయ్యకు వరసగా బిగించిన తీగలు. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క స్వరం. పాశ్చాత్యుల కచేరీ హార్ప్‌కు నలభై యేడు తీగలు, స్వరస్థానాలు మార్చడానికి క్రింద ఏడు పెడల్స్. అంత పెద్ద వాద్యాన్ని చిటికెన వ్రేళ్ళు విడిచి తక్కిన ఎనిమిది వ్రేళ్ళతో మీటుతారు. చూడగా చూడగా మన నిఘంటువుల్లో దానికి చోటే లేదని తీర్మానించి, "మనకు లేనిది మనకు అక్కరలేనిది" అని ఒక సూత్రం కూడా చెప్పాను.

మా బావమరిది నెమ్మదస్తుడు. "మరి ద్వారం వారి చేతిలో ఫిడేలు ఏ దేశానిది బావగారూ?" అన్నాడు. విజయనగరం వాడి నోట ఆ పేరు వచ్చాక ఇంకేం మాట్లాడతాను? 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా ఏర్పడి, ఆ తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిపిన సంగీత కళాశాల వాళ్ళ ఊరిది. మా ఆవిడ వీణ నేర్చింది అక్కడే. ఆమె వీణ బొబ్బిలిది. ఒకే పనస కొయ్యను తొలిచి చేసిన ఏకాండి వీణ. పెళ్ళి సామానుతో బాటు రైలులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది.

ఆ యేడు దేవీనవరాత్రులకు మా వీధి చివరి చిన్న గుడిలో ఒక సాయంత్రం ఆమెను వీణ వాయించమన్నారు. పెళ్ళయి పదిహేనేళ్ళకు మొదటిసారి నలుగురి ముందు వాయించడం. నెల రోజులు ఖరహరప్రియ సాధన చేసింది. రెండు రోజుల ముందు బావమరిది కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి, రూపాయి బిళ్ళంత వస్తువొకటి తీగతో సహా తెచ్చాడు. కాంటాక్ట్ మైక్ అన్నాడు. కుండ పలక మీద మైనంతో అతికిస్తే చాలట. మామూలు మైకు గాలిలోని చప్పుడంతా పట్టుకుంటుంది. వీణతో బాటు బస్సు హారనూ, ప్రక్కవాళ్ళ దగ్గూ. దాన్ని పెంచితే కూత పెడుతుంది. ఇది కొయ్య కదలికనే పట్టి విద్యుత్తుగా మారుస్తుంది కనుక వీణ ఒక్కటే వినిపిస్తుంది. ఇదంతా అతడు నాకు బోధించాడు. మా ఆవిడ ఆ బిళ్ళను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ త్రిప్పి చూసింది. నా వైపు చూసింది.

"వీణకు కరెంటా? సరస్వతీదేవికి ప్లగ్గు పెడతారా?" అన్నాను. అంతటితో ఆగలేదు. "చిట్టిబాబు గారి వాద్యం విన్నావా? వ్రేలిలో ఉండాలోయ్ నాదం, తీగలో కాదు" అని కూడా అన్నాను. అతడేమీ అనలేదు. బిళ్ళ తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సంగతి క్లుప్తంగానే చెబుతాను. గుడికి యాభై గజాల దూరంలో పెద్ద రోడ్డు. ఆరున్నర గంటల వేళ. ఎదుట ఒక స్టాండు మైకు పెట్టారు. మొదటి వరసలో కూర్చున్న నాకే ఆలాపన సగం వినబడలేదు. మూడవ వరసలో మాటలు మొదలయ్యాయి. ఆమె ఇంకా గట్టిగా మీటింది. అప్పుడూ వినబడలేదు. ఇంకా గట్టిగా మీటింది. గమకాలు పోయాయి. ఒక్క మీటు మీద నాలుగు స్వరాలు లాగవలసిన చోట నాలుగు మీట్లు మీటుతోంది. కాసేపటికి సారణి తీగ తెగింది. నిర్వాహకులు మర్యాదగా హారతి మొదలుపెట్టారు.

ఇంటికి వచ్చే దారిలో ఆమె ఒక్క మాటే అంది. "గట్టిగా మీటితే వీణ పలకదండీ. అరుస్తుంది."

తరువాత ఇరవై రెండేళ్ళ పాటు ఆమె ఇంటి బయట వాయించలేదు. ఇంట్లోనూ నేను బడికి వెళ్ళాక వాయించుకునేదని ప్రక్క వాటా వాళ్ళ వల్ల తెలిసేది. మరుసటి యేడు బావమరిది అమెరికా వెళ్తూ ఆ క్యాసెట్టు నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఇప్పుడు ఒక తరగతి గది సంగతి చెప్పాలి. 2006 ప్రాంతం. సాంఘిక శాస్త్రం మాస్టారు సెలవులో ఉంటే ఆయన తరగతికి నన్ను పంపారు. గుప్తుల పాఠం. సముద్రగుప్తుడు వీణ వాయిస్తున్న బంగారు నాణెం బొమ్మ చూపి, రాజులకు కళల మీద ఎంత ప్రీతి ఉండేదో వర్ణిస్తున్నాను. వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "సార్, అది వీణలా లేదు. విల్లులా ఉంది" అన్నాడు. నాణెం అరిగిపోయింది కూర్చోమన్నాను. సాయంత్రం పంజాగుట్ట నుంచి నడిచి వస్తుంటే ఆ మాట వెంటబడింది. ఇంటికి వచ్చి భూతద్దంతో చూశాను. కుర్రవాడు చెప్పిందే నిజం. రాజు ఒళ్ళో ఉన్నది వంగిన కొమ్ముకు తీగలు కట్టిన వాద్యం. దండీ లేదు, మెట్లూ లేవు. అచ్చంగా హార్ప్.

ఆ తరువాత దొరికిన పుస్తకమల్లా చదివాను. మన ప్రాచీనులు వీణ అన్నప్పుడు చాలా చోట్ల ఉద్దేశించింది ఈ విల్లు వీణనేనట. మన అమరావతి శిల్పాల్లో స్త్రీలు ఒళ్ళో పెట్టుకుని వాయిస్తున్నది అదే. నాగార్జునకొండలోనూ ఉంది. తమిళుల యాళ్ ఆ కుటుంబానిదే. దాని మీద స్వామి విపులానంద 1947లో యాళ్ నూల్ అనే ఉద్గ్రంథమే వెలువరించాడు. ఇక్కడ అది అంతరించినా బర్మాలో సౌంగ్ అనే పేరుతో ఈనాటికీ మ్రోగుతోంది. ఇప్పుడు మనం చూసే ఇరవై నాలుగు మెట్ల వీణ ఈ రూపానికి రావడం తంజావూరులో రఘునాథ నాయకుని కాలంలో, అంటే పదిహేడవ శతాబ్దిలో అని సంగీత చరిత్రకారులు చెబుతారు. మనకు ఎంతో పురాతనమనిపించే వీణకు నాలుగు వందల యేళ్ళు. నేను పరాయిదన్న హార్ప్‌కు అమరావతి అంత వయస్సు.

అమరకోశం మళ్ళీ తీశాను. ఏడు తంత్రులు గల వీణ పరివాదిని అని వల్లె వేసినవాణ్ణే. వీణ అవయవాలు చెప్పే చోట "ఉపనాహం" అని ఒక మాట ఉంది. తీగలను కట్టే బంధనం అని అర్థం. పండిత శిక్షణలో దాన్ని బిరడా అని చెప్పుకుని దాటిపోయాం. బిరడాను త్రిప్పుతారు గాని కట్టరు కదా! విల్లు వీణకైతే త్రాటితో కొమ్ముకు కట్టడమే. ఇది నా ఊహ మాత్రమే. తప్పైతే తెలిసినవారు దిద్దండి. ఆ రాత్రి మాత్రం నిఘంటువు ముందు చాలాసేపు కూర్చున్నాను. హార్ప్‌కు మన నిఘంటువులో చోటు లేదని ఎనిమిదేళ్ళ క్రితం తీర్పు చెప్పింది ఈ నిఘంటువు చేతిలో పెట్టుకునే.

కనుగొన్నదంతా మా ఆవిడకు ఉత్సాహంగా చెప్పాను. విని, "అలాగా" అంది. అంతకు మించి మాట్లాడలేదు. నేనూ గుడి సంగతి ఎత్తలేదు. ఎత్తవలసింది.

2020 మార్చి ఆఖరు. లాక్‌డౌన్. మెట్రో ఆగిపోయింది. మా ఇంటి ఎదుట 2017 నుంచి గాలిలో పరుగెత్తే రైలు లేదు, క్రింద బస్సు లేదు, ఆటో లేదు. అమీర్‌పేటలో పిచ్చుకల అరుపు వినబడిందంటే నమ్ముతారా? ఒక సాయంత్రం ఆమె వరండాలో చాప వేసి వీణ తెచ్చుకుని కూర్చుంది. నన్ను లోపలికి పొమ్మనలేదు. మెల్లగా, ఎవరి కోసమూ కాదన్నట్టు, ఖరహరప్రియ ఎత్తుకుంది. మీటు పడ్డాక నాదం ఎంత దూరం వెళ్ళి ఆరిపోతుందో ఆ రోజు మొదటిసారి విన్నాను. అది ఆరిపోయే లోపల ఆమె ఎడమ వ్రేలు మెట్టు మీద తీగను లాగి ఎన్ని పనులు చేస్తోందో కూడా. కళ్ళెత్తి చూస్తే ఎదుటి మేడ మీద, ప్రక్క బాల్కనీల్లో మనుషులు. ఎవరూ మాట్లాడడం లేదు. వీధి చివరి దాకా వినబడిందని మర్నాడు పాలబ్బాయి చెప్పాడు. అలా అయిదు వారాలు, రోజూ. ఆమెకు అప్పటికి అరవై దగ్గర పడుతోంది.

తరువాత వాహనాలు వచ్చాయి. సెప్టెంబరులో మెట్రో కూడా వచ్చింది. వరండాలో వీణ ఆగిపోయింది.

ఆ రోజుల్లోనే బావమరిదితో ఫోనులో ఈ సంగతంతా చెప్పాను. చివరకు, "ఆ బిళ్ళ పెట్టనిచ్చి ఉంటే బాగుండేదోయ్" అన్నాను. కాసేపు మాట లేదు. తరువాత, "బావగారూ, మీరు వినే రెండో వైపు కూడా కరెంటే" అన్నాడు. చిట్టిబాబు గారు కాంటాక్ట్ మైక్ అమర్చుకుని వాయించేవారట. ఆ సన్నని గమకాలన్నీ వేల మంది సభల్లో వినబడింది అందువల్లనేనట. నేను ఎవరి పేరు చెప్పి వద్దన్నానో ఆయనే! "అప్పుడే చెప్పకపోయావా" అంటే, "మీరు పెద్దవారు, పైగా కోపంగా ఉన్నారు" అన్నాడు.

ఆ రాత్రి క్యాసెట్టు మొదటి వైపు పెట్టాను. టేపుకు బూజు పట్టి కీచుమంది. అంతర్జాలంలో వెదికి, చెవులకు తగిలించుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. నా అభిప్రాయం దాచను. మన చెవికి ఇందులో రాగవిస్తారం లేదు. ఒక చిన్న పదం పట్టుకుని దాని చుట్టూ తిరుగుతాడు, మెట్టెక్కడు. గమకం దాదాపు లేదు. తీగకు మెట్టు లేనప్పుడు లాగడానికి చోటెక్కడ? విల్లు వీణ మన దేశంలో నిలవక మెట్ల వీణకు చోటివ్వడానికి ఇది కూడా ఒక కారణమై ఉండవచ్చు. కొన్ని చోట్ల తీపి ఎక్కువైంది. ఒక రచన అయిపోయి ఇంకొకటి మొదలైనట్టు నాకు రెండు చోట్ల తెలియనే లేదు.

కాని ఒకటి విన్నాను. డ్రమ్స్ మ్రోగుతుండగా అతడు తీగను ముని వ్రేలితో తాకుతున్నాడు. కొట్టడం లేదు, తాకుతున్నాడు. మామూలు హార్ప్ అయితే ఆ డ్రమ్స్ క్రింద మునిగిపోవలసిందే. కాదంటే ఆ వ్రేళ్ళూ మా ఆవిడలాగా గట్టిగా, ఇంకా గట్టిగా మీటవలసిందే. కరెంటు పెట్టింది చప్పుడు పెంచడానికని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మెల్లగా వాయించడానికని నాకు తట్టలేదు.

దీఘనికాయంలో సక్కపన్హ సుత్తమని ఒకటుంది. బుద్ధుడు ఇంద్రశాల గుహలో ధ్యానంలో ఉంటాడు. ఇంద్రుడు పలకరించడానికి జంకి, ముందు పంచశిఖుడనే గంధర్వుణ్ణి వీణ వాయించమంటాడు. మారేడు కొయ్యతో చేసిన పచ్చని వీణ అతడిది. బౌద్ధ శిల్పులు చెక్కినప్పుడు దాన్ని విల్లు వీణగానే చెక్కారు. తమాషా ఏమిటంటే అతడు పాడింది తన ప్రియురాలి మీది పాట. బుద్ధుడు కోపగించుకోలేదు. తీగల ధ్వని గొంతును మించలేదు, గొంతు తీగలను మించలేదు అని మెచ్చుకున్నాడు. గుహలోకి నడిచి వెళ్ళిన ఆ జంట మాటలు, నీటిచుక్కలు, తరువాత ఒళ్ళో వీణ. ఆ స్విస్ వాద్యకారుడికి ఈ కథ తెలిసి ఉంటుందని నేననను. నాకు తెలిసి ఉండీ 1998లో గుర్తు రాలేదన్నదే నా బాధ.

మర్నాడు మా ఆవిడ ఎదుట కూర్చుని, "ఆ నవరాత్రుల నాడు తప్పు నాది" అన్నాను. కూర తరుగుతోంది. తల ఎత్తకుండానే, "తీగ తెగినందుకు కాదండీ. వాడు తెచ్చింది ఎలా ఉంటుందో ఒక్కసారి పెట్టి చూడాలనిపించింది" అంది. ఆమె ఆ బిళ్ళను అటూ ఇటూ త్రిప్పడం నాకు గుర్తుంది. అయినా ఆ తరువాత కూడా ఏళ్ళు దాటవేశాను. కరోనా అన్నాను, మోకాళ్ళన్నాను.

పోయిన నెల కోఠీకి మెట్రోలో వెళ్ళాను. గుజరాతీ గల్లీలో మూడు కొట్లు తిరిగి కాంటాక్ట్ మైకూ, చిన్న ఆంప్లిఫయరూ కొని తెచ్చాను. కొట్టు కుర్రవాడు గిటారుకా అని అడిగితే వీణకు అన్నాను, కొంచెం గట్టిగానే. మైనం ఆమె సిద్ధం చేసి పెట్టుకుంది, మెట్లు బిగించే మైనమే. కుండ పలక మీద ఎక్కడ అతికించాలో నేను చెప్పబోతే చేయి ప్రక్కకు నెట్టి, వ్రేలితో తట్టి తట్టి చోటు తానే చూసుకుంది.

స్విచ్చి వేయగానే గుయ్‌మని మ్రోత. వీణ కాదు, ఇల్లు మ్రోగింది. ఫోనులో బావమరిది విని, మా పాత మేడకు ఎర్తింగు సరిగా లేదన్నాడు. ప్లగ్గులో మూడవ రంధ్రం వెనుక తీగే లేదట, ఇన్నేళ్ళుగా. ఆ మ్రోత మధ్యనే ఆమె సారణి ఒక్కసారి మెల్లగా మీటి చూసింది. వెంటనే నా వైపు తిరిగి, "తగ్గించండి, ఎక్కువగా ఉంది" అంది.

బల్కంపేట ఎలక్ట్రీషియను ఆదివారం వస్తానన్నాడు. ఈ ఉదయం నుంచి ఆమె నాకు ఆ మాట మూడుసార్లు గుర్తు చేసింది.